సనదు వెనకవైపు



2025 నవంబరు ఆఖరి వారం. ఇషా నమాజు అయ్యాక మా ఖస్బా మస్జిదు ముతవల్లీ సాబ్ ఫోన్ చేశారు. "బేటా, నువ్వు ఫార్సీ చదువుతావు కదా, ఒకసారి వచ్చిపో. గడువు దగ్గర పడింది." నేను చదివింది ఉర్దూ మీడియం బడిలో. అక్కడ ఒక మౌల్వీ సాబ్ పుణ్యాన కాస్త ఫార్సీ అంటింది. డిగ్రీ మాత్రం తెలుగులో చేశాను. దాంతో మా వైపు ఎవరింట్లో పాత కాగితం బయటపడినా నాకే కబురొస్తుంది. చదవగలిగిందాని కన్నా చదవలేకపోయిందే ఎక్కువని వాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా వినరు.

వెళ్లేసరికి వరండాలో చాప మీద ల్యాప్‌టాప్, దాని చుట్టూ కమిటీ. కొత్త వక్ఫ్ సవరణ చట్టం కింద దేశంలోని వక్ఫ్ ఆస్తులన్నీ ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించాలి కదా. జూన్ 6న తెరిచారు, ఆరు నెలల గడువు. ఆ చట్టం మంచి చెడ్డలు ఇవాళ్టి నా మౌజూ కాదు, అది కోర్టులో నడుస్తోంది. నా కళ్లు తెర మీదున్న మూడు పేర్ల దగ్గర ఆగాయి. మేకర్, చెకర్, అప్రూవర్. వివరాలు ఎక్కించేది ముతవల్లీ, ఆయన మేకర్. వక్ఫ్ బోర్డు వైపు నుంచి వాటిని సరిచూసేవాడు చెకర్. సర్కారు నియమించిన అధికారి అప్రూవర్. ఆయన 'సరే' అంటేనే ఆస్తి రిజిస్టరులో పడుతుంది.

కమిటీ సదర్ సాబ్‌కు ఇది ససేమిరా నచ్చలేదు. "ముగ్గురెందుకు మియా? మస్జిదు కళ్లముందుంది. సనదు గోడకుంది. ఒకడు చూసి దస్తఖత్ చేస్తే చాలదా?"

సనదు నిజంగానే గోడకుంది. ఎప్పుడో ఎవరో మంచి మనసుతో దాన్ని టేకు ఫ్రేములో బిగించి, అద్దం వేయించి, మింబరు పక్కన తగిలించారు. సదర్ సాబ్ కొడుకు ఆ అద్దం మీదుగానే ఫోనుతో ఫోటో కొట్టి పెట్టాడు. ఫోటోలో మొహరు ఉండాల్సిన చోట ఫ్లాష్ వెలుగు తెల్లటి మచ్చలా పడింది. ఆ రాత్రి చాయ్ మీద సదర్ సాబ్‌కు చెప్పింది కొంతే. మిగతాది ఇక్కడ చెబుతాను.

ఈ మెట్ల సంగతి నాకు మొదట తలకెక్కింది పత్రిక ఆఫీసులో. కొన్నేళ్ల కిందట మా డెస్కుకు కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చారు. వార్త రిపోర్టర్ దగ్గర బయల్దేరి సబ్ ఎడిటర్, డెస్క్ ఇన్‌ఛార్జి, చివరికి పేజీ విడుదల చేసే మనిషి దాకా మెట్టు మెట్టూ ఎక్కాలి. ఆ మెట్లు అమర్చడానికి వచ్చిన ఇంజినీరు కుర్రాడి పక్కన నన్ను కూర్చోబెట్టారు. ఒక్కో మెట్టుకూ అతనివి అవే ప్రశ్నలు. "ఇక్కడ ఎవరుంటారు సార్? ఆయన దేన్ని చూసి సరే అంటాడు? బాగాలేదంటే వార్త ఒక మెట్టు వెనక్కి పోవాలా, మొదటికే పోవాలా? ఆయన సెలవులో ఉంటే? అర్జెంటయితే మెట్లు దాటించే తాళం ఎవరికివ్వాలి?" నేను సగం ప్రశ్నలకు ఆలోచించి చెప్పాను, సగానికి 'చూద్దాంలే బాబూ' అన్నాను. ఆ ఏడాది రంజాన్‌లో ఒక రాత్రి మా ఇన్‌ఛార్జికి జ్వరం. ఆయన పేరు మీదున్న మెట్టులో నా వ్యాసం కూర్చుండిపోయింది. దాన్ని కదిపే హక్కు ఇంకెవరికీ పెట్టలేదు. ఎవరు పెట్టలేదు? నేనే. తెల్లారి పేజీలో నా వ్యాసం జాగాలో మా పత్రిక ప్రకటనే వచ్చింది.

తర్వాత ఎప్పుడో అబుల్ ఫజల్ రాసిన ఆయినె అక్బరీ తిరగేస్తుంటే నవ్వొచ్చింది. ఆ కుర్రాడి ప్రశ్నలకు దాదాపు అన్నిటికీ 1598 నాటికే జవాబులున్నాయి.

అక్బర్ దర్బారులో పద్నాలుగు మంది వాకియా నవీసులుండేవారు. వాకియా అంటే జరిగినది, నవీస్ అంటే రాసేవాడు. రోజుకు ఇద్దరు చొప్పున వంతులవారీగా కొలువు. బాద్షా ఇచ్చిన ప్రతి హుకుం, శాఖల పెద్దలు చేసుకున్న ప్రతి అర్జు, ఎవరికి మన్సబు దక్కింది, ఎవరి జీతం పెరిగింది, ఎవరికి జాగీరు ఇచ్చారు, అన్నీ రాయాలి. అంతటితో ఆగదు. బాద్షా ఏం తిన్నాడు, ఎప్పుడు లేచాడు, ఏ కితాబు చదివించుకున్నాడు, చౌగాన్ ఆడాడా, చదరంగం ఆడాడా, అదీ రాయాలి. మరి వాకియా నవీస్‌కు ఆ రోజు పని పడితే? దానికి విడిగా కొందర్ని పెట్టారు. వాళ్ల పేరు కోతల్. కోతల్ అంటే సవారీ పక్కన ఖాళీగా నడిపించుకుపోయే అదనపు గుర్రం. ఒకటి అలసిపోతే రెండోది ఎక్కడానికి. మా డెస్కులో ఆ రాత్రి లేనిది ఆ గుర్రమే.

ఇక కాగితం నడక చూడండి. రోజు రాసిన వాకియాను ముందు ఒక అధికారి సరిదిద్దేవాడు. తర్వాత బాద్షా ముందు పెడితే ఆయన ఖబూలు చేసేవాడు. అప్పుడు వాకియా నవీస్, ఎవరి సంగతి వాళ్లకు విడివిడిగా నకలు తీసి దస్తఖత్ చేసేవాడు. దాని మీద పర్వాంచీ, మీర్ అర్జ్, ఆ విన్నపాన్ని బాద్షా ముందుకు తెచ్చిన మనిషి కూడా దస్తఖత్ చేయాలి. అప్పటికి దాని పేరు యాద్‌దాష్త్. అంటే జ్ఞాపిక. ఇదింకా హుకుం కాదు. ఫలానా రోజు బాద్షా ఇలా అన్నారని గుర్తు, అంతే.

యాద్‌దాష్త్ తీసుకుని మనిషి తర్వాతి మెట్టుకు పోతాడు. అక్కడ మంచి దస్తూరీ, తేటైన మాట ఉన్న రాయసగాళ్లు కూర్చుని ఉంటారు. వాళ్లు ఆ యాద్‌దాష్త్‌ను తమ దగ్గరే అట్టిపెట్టుకుని, దాని ఖులాసా రాసి చేతికిస్తారు. దాని మీద వాకియా నవీస్, మీర్ అర్జ్, దరోగాల దస్తఖత్‌లు, మొహర్లు పడతాయి. ఇది తాలీఖా. ఫౌజు కొలువు అయితే తాలీఖా బఖ్షీ దగ్గరికి వెళ్తుంది. బఖ్షీకి మాటతో పని లేదు, మనిషిని చూడాలి, గుర్రాన్ని చూడాలి. చెహ్రా నవీసీ అని సిపాయి ముఖం రాసుకునేవారు. రంగు, నుదురు, పుట్టుమచ్చ ఎక్కడుందో కూడా. గుర్రానికి దాగ్, అంటే వాత వేసేవారు. అవన్నీ అయ్యాక బఖ్షీ తాలీఖాను తన దగ్గర ఉంచుకుని, నెలజీతం ఎంతో తేల్చిన సర్‌ఖత్ ఇస్తాడు. సర్‌ఖత్ దీవాన్ దగ్గరికి పోతే దీవాన్ దాన్ని తన దగ్గర పెట్టుకుని, సాలుకెంత, నెలకెంత అని లెక్క కట్టి మళ్లీ బాద్షాకు నివేదిస్తాడు. బాద్షా జాగీరు ఇమ్మంటే అప్పుడు ముసాయిదా. ముసాయిదా దీవాన్ చూసి 'సబ్త్ నుమాయంద్', అంటే దఫ్తరులో ఎక్కించండి, అని రాస్తాడు. అక్కణ్నుంచి సాహెబె తౌజీహ్, ముస్తౌఫీ, నాజిర్, బఖ్షీలు, మళ్లీ దీవాన్, చివరకు సల్తనతు వకీల్. ఇంతమంది మొహర్లూ పడితే అది ఫర్మానె సబ్తీ.

చదువుతుంటే ఊపిరాడలేదు కదా? నాకూ అంతే. మొదటిసారి చదివినప్పుడు సదర్ సాబ్ అన్నమాటే అనుకున్నాను, ఇంతమంది ఎందుకని. రెండోసారి చదివితే ఒక సంగతి కనబడింది. వీళ్లలో ఒకడు చూసింది ఇంకొకడు చూడటం లేదు. హుకుం నిజంగా వచ్చిందా అని వాకియా నవీస్ చూస్తాడు. మనిషి, గుర్రం నిజంగా ఉన్నాయా అని బఖ్షీ. జీతానికి సరిపడా ఆదాయమున్న భూమి ఉందా అని దీవాన్. లెక్క కుదిరిందా అని ముస్తౌఫీ. ఒక్కొక్కరి దగ్గరా ఎవరి దఫ్తరు వాళ్లకుంది. ఎదుటివాడు తెచ్చిన కాగితాన్ని అదే కాగితంతో పోల్చి 'సరిగ్గానే ఉంది' అనేవాడు ఒక్కడూ లేడు. తన పెట్టెలోంచి తన బహీ తీసి దానితో పోలుస్తాడు.

ఇంకోటి. ప్రతి మెట్టు పాత కాగితాన్ని మింగేసి కొత్తదాన్ని ఇస్తోంది. అర్జీదారు చేతిలో ఎప్పుడూ ఒక్కటే ఉంటుంది, కానీ వెనక ప్రతి దఫ్తరులో ఒక సాక్ష్యం మిగులుతోంది. అతను దారిలో ఒక సున్నా చేర్చాడనుకోండి, ఒక్క మెట్టు వెనక్కి పోయి పెట్టె తెరిస్తే దొరికిపోతాడు.

మొహర్లు వేయడానికి కూడా హద్దులున్నాయి. ఫర్మానాను కింది నుంచి మడతలు పెట్టి, ఏ మడత మీద, ఏ అంచున, ఎవరి మొహరు, ఎవరిది ఎవరికన్నా కాస్త కిందుగా ఉండాలో అబుల్ ఫజల్ విడిగా ఒక ఆయిన్ రాశాడు. ఒక మొహరు సగం ఈ మడత మీద, సగం పై మడత మీద పడాలంటాడు. మొహర్లన్నీ ఎవరి జాగాలో వాళ్లవి ఉంటే ఒకటి తగ్గినా ఖాళీ కనబడుతుంది. బాద్షా మొహరు మాత్రం పైన, తుగ్రా దగ్గర.

మన తెలుగు కచేరీ మాటలు ఒకసారి నోట్లో వేసుకుని చూడండి. అర్జీ, దాఖలు, తనిఖీ, ముసాయిదా, రుజువు, మంజూరు, దస్తఖత్, జారీ, అమలు. ఏ మండలాఫీసులోనైనా ఇవాళ కూడా ఇదే వరస. నిఘంటువు తెరిస్తే ఇవి అన్యదేశ్యాలంటారు. నాకు మాత్రం ఇది కాగితం నడిచిన దారిలా కనబడుతుంది. వీటిలో ముసాయిదా మీద నాకు కాస్త మమకారం. అరబ్బీలో ముసవ్వదా అంటే నల్లబడినది. కొట్టివేతలు, దిద్దుబాట్లు పడి నల్లగా మారిన ప్రతి. అది సాపు చేస్తే ముబయ్యజా, అంటే తెల్లబడినది. ఉర్దూలో పెద్దలు ఒక మాటకు ఒప్పుకుంటే 'సాద్ చేశారు' అంటారు కదా, అదీ కాగితం మాటే. సహీహ్ అని రాసే బదులు మొదటి అక్షరం స్వాద్ ఒక్కటి గీసి వదిలేసేవారు. ఇవాళ పచ్చ టిక్కు గుర్తు చేసే పని అప్పుడు ఆ స్వాద్ చేసేది.

ఇక అర్జెంటు సంగతి. కొన్ని పనులు ఆగవు, కొన్ని నలుగురికీ తెలియకూడదు. వాటికి ఫర్మానె బయాజీ ఉండేది. దాని మీద వకీల్ లేడు, దీవాన్ లేడు, బఖ్షీ లేడు. ఒక్క బాద్షా మొహరే. అంచులు కలిసేలా మడిచి, పైన కాగితం ముడి వేసి, లోపలి రాత కనబడకుండా లక్కలాంటి జిగురుతో మూసేవారు. మెట్లన్నీ ఒక్క గెంతులో దాటే తాళం అది. అబుల్ ఫజల్ దాన్ని దాచలేదు, వేరే పేరు పెట్టి, వేరే ఆయిన్‌లో రాశాడు. నాకు నచ్చింది అదే. అడ్డదారి ఉండటం తప్పు కాదు. అడ్డదారిన వచ్చిన కాగితం చూడగానే అడ్డదారిన వచ్చిందని తెలిసిపోవాలి. ఖాళీగా ఉన్న మొహర్ల జాగాలే ఆ సంగతి చెప్పేవి.

ఇదంతా ఆగ్రా, లాహోర్, ఫతేపూర్ సిక్రీ సంగతి. మన దగ్గరికి ఎలా వచ్చింది? 1687లో ఔరంగజేబు గోల్కొండ తీసుకున్నాక మొగలు దఫ్తరు పద్ధతి మన తెలుగు నేల మీదికీ దిగింది. దక్కన్‌లోని మిగతా మొగలు సుబాల్లో షాజహాన్ కాలానికే ఉంది. ఆ కాలపు దక్కన్ కాగితాలు ఔరంగాబాద్ నుంచి హైదరాబాద్ చేరి, ఇప్పుడు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో లక్షన్నరకు పైగా ఉన్నాయి. డాక్టర్ యూసుఫ్ హుసేన్ ఖాన్ వాటిలోంచి ఏరి షాజహాన్ కాలానివి 1950లో, ఔరంగజేబు కాలానివి 1958లో అచ్చు వేయించారు. అందులో అర్జొ చెహ్రాలున్నాయి. సిపాయి పేరు, బాపు పేరు, ముఖం మీద మచ్చలు, గుర్రం వాత. అబుల్ ఫజల్ పద్ధతిగా రాసింది ఇక్కడ మామూలు సిపాయి కాగితంగా కళ్ల ముందు కనబడుతుంది. తార్నాక దాకా ఎన్నిసార్లు బస్సులో పోతామో, ఒక్కసారైనా దిగి చూడాల్సిన జాగా.

షాజహాన్, ఔరంగజేబుల నాటికి ఒక మెట్టు మరీ బలపడింది. దాని పేరు అర్జె ముకర్రర్. ముకర్రర్ అంటే మళ్లీ ఒకసారి. ముషాయిరాలో మంచి షేర్ పడితే మనం అరిచే ముకర్రర్ కూడా ఇదే. బాద్షా ఒకసారి ఇచ్చిన హుకుంను వాకియాలో ఎక్కించి, సరిచూసి, మరో రోజు మళ్లీ ఆయనకే వినిపించేవారు. 'హుజూర్ ఇలా సెలవిచ్చారు, నిజమేనా?' అని. రెండోసారి ఔనంటేనే ఫర్మానా రాసేది. దానికోసమే ఒక దరోగా ఉండేవాడు. బాద్షా మాటను బాద్షా దగ్గరే రుజువు చేసుకోవడం! మొదటిసారి వేటలో ఉండి అన్నాడో, కోపంలో అన్నాడో, పక్కనున్న వాడి ముఖం చూసి అన్నాడో. మా పత్రికలో ఎడిటర్ ఫోన్లో చెప్పిన హెడ్డింగును మళ్లీ ఆయనకే ఫోన్ చేసి అడిగే ధైర్యం నాకు ఇరవై ఏళ్లలో నాలుగైదుసార్లు కలిగి ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ మెట్లన్నీ ఫర్మానా ముందువైపు కనబడవు. ముందువైపు ఉండేది బాద్షా బిరుదులు, మొహరు, తుగ్రా, ఫలానా పరగణాలో ఇన్ని బిఘాలు ఫలానా వారికి మదదె మఆష్‌గా ఇచ్చామన్న మాట. చూడటానికి ఎంతో షాన్. వెనకవైపు పెట్టి చూస్తే గజిబిజి. దాన్ని జిమ్న్ అంటారు. అక్కడ వాకియా తారీఖు ఉంటుంది, ఆ రోజు వంతు ఏ వాకియా నవీస్‌దో ఉంటుంది, తర్వాత ఒక్కొక్కరి చేతిరాతలో ఒక్కో ముక్క. వజీరు రాత: వాకియాలో దాఖలు చేయండి. వాకియా నవీస్ రాత: మువాఫిఖె వాకియా అస్త్, అంటే వాకియాతో సరిపోయింది. మళ్లీ వజీరు: అర్జె ముకర్రర్‌కు పెట్టండి. దరోగా: ఫలానా తారీఖున అర్జె ముకర్రర్ అయింది. చివరగా: ఫర్మానా రాయండి. అంచుల్లో ఇంకా చిన్న రాతలు. నఖల్ బ దఫ్తరె దీవాన్ రసీద్. నఖల్ బ దఫ్తరె సదారత్ రసీద్. అంటే నకలు ఫలానా దఫ్తరుకు చేరింది అని.

ఈ 'మువాఫిఖె వాకియా అస్త్' అనే మూడు మాటల కోసమే నేను ఇంత దూరం వచ్చాను. ఆ మనిషి తన ముందున్న కాగితం బాగుందని అనడం లేదు. నా బహీ తెరిచి చూశాను, అందులోనూ ఇదే ఉంది, అంటున్నాడు. చెకర్ అనే మాటకు ఇంతకన్నా మంచి అర్థం నాకు దొరకలేదు. చెకర్ దగ్గర సొంత పుస్తకం లేకపోతే అతను మేకర్ రాసింది రెండోసారి చదివేవాడు మాత్రమే. స్పెల్లింగులు చూస్తాడు, ఫోటో స్పష్టంగా ఉందా లేదా చూస్తాడు. ఇవాళ పోర్టల్ ముందు కూర్చున్న చెకర్‌కు కూడా పుస్తకాలున్నాయి. పాత వక్ఫ్ సర్వే, గెజిట్, బోర్డు రిజిస్టరు, రెవెన్యూ పహాణీలు. కానీ లక్షల ఫైళ్ల మధ్య మన కాగితం కోసం ఏ పుస్తకం, ఏ పేజీ తెరవాలో అతనికి ఎవరు చెప్పాలి? మన కాగితమే చెప్పాలి. నకలు ఏ దఫ్తరుకు చేరిందో వెనకవైపున్న ఆ చిన్న రాతే చెబుతుంది.

1724 తర్వాత ఆసఫ్‌జాహీలు ఇదే పద్ధతిని కొంచెం పొట్టి చేసి కొనసాగించారు. రియాసతులో దఫ్తరె దీవానీ, దఫ్తరె మాల్ అని రెండు పెద్ద దఫ్తర్లు. ఒకటి రాయ్ రాయాన్ ఖాందాన్ చేతిలో, రెండోది రాజా శివరాజ్ పూర్వీకుల మాల్‌వాలా ఖాందాన్ చేతిలో. మస్జిదుకిచ్చినా, దర్గాకిచ్చినా, గుడికిచ్చినా సనదు ఆ దఫ్తర్లలో ఎక్కాల్సిందే. మన మస్జిదుల దీపం నూనె లెక్కలు తరతరాలుగా రాసి పెట్టినవి ఆ హిందూ ఇళ్ల రాయసగాళ్ల చేతులు. మెట్టు ఖాందానీ అయితే తిప్పలు కూడా వస్తాయి. తాళం, పెట్టె, అందులో ఏముందో తెలిసిన బుర్ర, మూడూ ఒకే ఇంట్లో ఉంటాయి కదా. 1853లో దీవాన్ అయిన మొదటి సాలార్ జంగ్ అధికారాన్ని ఆ దఫ్తర్ల నుంచి కొత్త శాఖల వైపు మళ్లించాడు. 1884లో సర్కారీ జబాన్ ఫార్సీ నుంచి ఉర్దూకు మారింది. ఇనాములన్నిటి మీదా విచారణలు జరిగి, తేలిన వాటికి ముంతఖబ్‌లు ఇచ్చారు. తెలంగాణలో వక్ఫ్ కేసు నడిపిన ప్రతి ఇంట్లో ఈ మాట తెలుసు. ముంతఖబ్ అంటే ఏరి తీసినది, అంటే విచారణ ఫైలు సారం. అక్బర్ నాటి తాలీఖా ఉన్నట్టే. పెద్ద ఫైలు దఫ్తరులో ఉంటుంది, మన చేతికి ఖులాసా వస్తుంది. 1952లో అతియాత్ చట్టం వచ్చాక కూడా ఆ విచారణలు నడిచాయి.

మళ్లీ ఆ రాత్రి వరండాకు వస్తాను. ఫోటోలో నాకు ముందువైపే కనబడుతోంది. మస్జిదు చరాగీ కోసం, ఖతీబు ఖర్చు కోసం భూమి ఇచ్చినట్టు ఉంది. ఒక మొహరు ఉంది. తారీఖు సగం చెరిగింది. "వెనకవైపు చూశారా?" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. ముతవల్లీ సాబ్ కాసేపు ఆలోచించి, "అబ్బాజాన్ కాలం నుంచీ అది గోడకే ఉంది బేటా" అన్నారు. అంటే కనీసం రెండు తరాల నుంచి ఆ మస్జిదులో ఆ కాగితం వెనకవైపు చూసినవాడు లేడు.

ఫ్రేము దింపాం. సదర్ సాబ్‌కు భయం, కాగితం చిరిగిపోతే ఉమ్మతుకు ఏం జవాబు చెప్పాలని. నాకూ భయమే. మేకులు తుప్పు పట్టాయి. సైకిల్ షాపు నడిపే ఒక తమ్ముడు పట్టకారు తెచ్చి ఒక్కోటీ లాగాడు. ప్లైవుడ్ తీస్తే కింద ఒక పాత ఉర్దూ అఖ్బారు మడత. అది తీస్తే మలమల్ గుడ్డ అంటించిన కాగితం. నా గుండె జారింది, గుడ్డ వేశారంటే రాతలు పోయినట్టే కదా. కానీ గుడ్డ అంచుల్లోనే అంటించారు. మధ్యలో ఖాళీ వదిలిన మహానుభావుడు ఎవరో గానీ అల్లా అతని ఖబ్రును వెలుగుతో నింపాలి.

మధ్యలో ఉన్నాయి. నాలుగు చేతిరాతలు. ఒకటి నాకు కొరుకుడు పడలేదు. రెండోది తారీఖు, ముందువైపు చెరిగిపోయిన తారీఖే ఇక్కడ పూర్తిగా ఉంది. మూడోది పొలం హద్దులు. తూర్పున చెరువు కట్ట, పడమర బాట. నాలుగోది ఒక మూలన వంకరగా, నఖల్ బ దఫ్తరె దీవానీ రసీద్. పైకి చదివాను. ముతవల్లీ సాబ్ మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాను. "ముకర్రర్" అన్నాడు ఎవరో కుర్రాడు వెనక నుంచి, అందరూ నవ్వారు.

తెల్లారి ఎండ వెలుగులో, అద్దం లేకుండా, ఫ్లాష్ లేకుండా రెండు వైపులా ఫోటోలు తీశాం. పక్కన స్కేలు పెట్టి తీశాం. వెనకవైపు రాతల ఫార్సీని, దాని ఉర్దూ, తెలుగు అర్థాలను ఒక తెల్లకాగితం మీద రాసి, చదవలేకపోయిన రాత దగ్గర చదవలేకపోయామనే రాసి జోడించాం. ఆ కుర్రాడు మొదట పెట్టిన ఫోటో తీసేసి ఇవి ఎక్కించాడు. మేకర్ మెట్టు పూర్తయింది.

డిసెంబరు 6న పోర్టల్ మూసేశాక మైనారిటీ వ్యవహారాల శాఖ లెక్కలు చెప్పింది. మొదలుపెట్టినవి 5,17,040. అప్రూవర్ ఖబూలు చేసినవి 2,16,905. మేకర్లు పంపించి దారిలో ఉన్నవి 2,13,941. తిరస్కరించినవి 10,869. ఈ మూడూ కూడి మొత్తంలోంచి తీసేస్తే ఇంకా 75 వేల పైచిలుకు మిగులుతాయి. మొదలుపెట్టారు గానీ అవి మేకర్ మెట్టు దాటలేదన్నమాట. వాటిలో ఎన్ని సనదులు ఇంకా అద్దాల వెనక ఉన్నాయో. మీ మొహల్లా మస్జిదులో, మీ ఇంట్లో దాదా పెట్టెలో ఉన్న కాగితాన్ని లామినేషన్ చేయించే ముందు తిప్పి చూడండి. చేయించేసి ఉంటే ఎండకెత్తి చూడండి, కొన్నిసార్లు సిరా అవతలి నుంచి కనబడుతుంది. రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. ముంతఖబ్ ఉంటే దాని మీద ఫైలు నంబరు, సన్ ఏదో రాసుకోండి. అది ఫస్లీనా హిజ్రీనా చూసుకోండి, ఈ రెండూ కలిపేసి కొన్నేళ్ల తేడాతో దరఖాస్తు పెట్టిన వాళ్లను చూశాను.

మా మస్జిదు ఫైలు ఆ 2,13,941లో ఒకటి. నేను ఇది రాసేనాటికి చెకర్ దగ్గర ఉంది. ఫ్రేము మాత్రం ఖాళీగా మింబరు పక్కన గోడకు ఆనించి ఉంది. పోయిన జుమా తర్వాత సదర్ సాబ్ నన్ను పట్టుకుని, కొత్త అద్దం తెప్పించానని, సనదును ఈసారి ఏ వైపు బయటికి పెట్టి బిగించమంటావని అడిగారు. రెండు వైపులా అద్దం వేయించండి భాయ్‌సాబ్, అన్నాను. ఖర్చు ఎంతవుతుందో కనుక్కోవడానికి వెళ్లారు.